పేరు చెరిపిన ఓడ

గ్రేసీ సిస్టరు ఎవరి మాటా మొదటిసారికే నమ్మదని ఆమెతో పనిచేసినవాళ్ళందరికీ తెలుసు. తిరుపతిలో ఒక పెద్దాసుపత్రి ఆపరేషన్ థియేటర్లో ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేసిందామె. కడుపు కుట్టేసే ముందు లోపల పెట్టిన గాజుగుడ్డలు, సూదులు అన్నీ బయటికొచ్చాయో లేదో లెక్క చూడడం ఆమె పని. "సరిపోయినాయి సిస్టర్" అని ఎవరన్నా చెబితే తల ఊపి, మళ్ళీ తనే మొదటినుంచి లెక్కపెట్టేది. డాక్టర్లు గడియారం చూసుకుంటూ విసుక్కునేవారు. రెండుసార్లు ఆమె అనుమానమే నిజమయ్యాక విసుక్కోవడం మానేశారు.

రిటైరయ్యాక ఆమె చేపట్టిన పని గురించి చెబితే కొర్లగుంటలో ఇరుగుపొరుగుకు సగం అర్థమయ్యేది కాదు. యుద్ధనౌకల బొమ్మలకు కమ్మీలు, తీగలు బిగిస్తుంది. ఈ విద్య ఆమెకు అంటించింది పరాశర్ అనే సర్జను. ఆయన ఇంట్లో తీరిక వేళల్లో ఓడల నమూనాలు కట్టేవాడు. రంగులు వెయ్యడం దాకా హాయిగా చేసేవాడు గానీ, డెక్కు అంచు వెంబడి నిలబెట్టే ఇత్తడి కమ్మీల దగ్గరికొచ్చేసరికి ఆయన ఓపిక చచ్చిపోయేది. అవి కాగితమంత పల్చటి ఇత్తడి రేకును ఆమ్లంతో కొరికించి తీసినవి. ఫొటో ఎచ్చింగ్ అంటారు. నిజం ఓడలో మనిషి నడుమెత్తు ఉండే కమ్మీ, బొమ్మలో బియ్యపు గింజంత కూడా ఉండదు. ఒకరోజు రెండు ఆపరేషన్ల మధ్య ఆయన జేబులోంచి ఆ రేకు తీసి, "సిస్టర్, నీ చెయ్యి ఒణకదు. ఒక ముక్క అంటించి చూడు" అన్నాడు. ఆమె అంటించింది. ఆ తర్వాత ఆయనా, ఆయన స్నేహితులూ, ఆ స్నేహితుల స్నేహితులూ, చెన్నై నుంచి బెంగళూరు నుంచి పెట్టెలు పంపడం మొదలుపెట్టారు.

పని చేసేటప్పుడు ఫ్యాను ఆపాలి. తిరుపతి ఎండలో అది చిన్న శిక్ష కాదు. ఆమె భర్త చిన్నబ్బ, ఆర్టీసీలో డ్రైవరుగా చేసి మానుకున్నవాడు, ఆ రెండు గంటలూ వాకిట్లో వేపనీడన కూర్చునేవాడు. లోపల గ్రేసీ రేకును అద్దమ్మీద పెట్టి బ్లేడుతో ముక్క కోసేది. స్పిరిట్ దీపం మంటకు ఒక్క క్షణం చూపిస్తే ఇత్తడి బిగువు పోయి మెత్తబడుతుంది. ఓడ అంచు వంపుకు తగినట్టు చీపురుపుల్ల మీద వంచి, సూదిమొనతో జిగురు బొట్టు తాకించి, పట్టకారుతో నిలబెట్టేది. ఓడ మీద స్తంభాల్లా నిలిచే కొయ్యల మధ్య లాగే తీగలకు పాత పాలియెస్టర్ చీర అంచులోంచి పీకిన పోగు వాడేది. ముడి మాత్రం ఆపరేషన్ థియేటరు ముడే.

ఫిబ్రవరిలో ఒక ఉదయం ఆటోలో ఒక ప్లైవుడ్ పెట్టె వచ్చింది. దానితోపాటు నలభై అయిదేళ్ళ మనిషి, మెడలో తువ్వాలుతో.

"సిస్టరమ్మా, ఓడలు బాగుచేసేది మీరేనా? నా పేరు ధర్మేంద్ర. పలమనేరు నుంచి వచ్చినా."

పెట్టె తెరిచాడు. రెండడుగుల పొడవు యుద్ధనౌక. చెక్కలో చెక్కి, బూడిదరంగు వేసి, ఫిరంగుల గొట్టాలకు కూడా బెజ్జాలు తొలిచిన పని. కొని తెచ్చి అతికించిన బొమ్మ కాదు, ఎవరో ఏళ్ళ తరబడి కూర్చుని కట్టింది. కానీ వెనక సగం బోసిగా ఉంది. అక్కడ కమ్మీలు లేవు. పెద్దకొయ్య నుంచి దిగాల్సిన తీగల్లో సగం తెగి వేలాడుతున్నాయి.

"ఏమైంది దీనికి?"

"ఇల్లు మారేటప్పుడు కింద పడిందమ్మా."

"ఎవరు కట్టినారు?"

"మా నాయన."

"ఆయన ఉన్నారా?"

ధర్మేంద్ర పెట్టె మూత వైపు చూశాడు. "ఉండాడు. అంటే... ఆయనకు ఇప్పుడు ఇదంతా చేతగాదులేమ్మా."

వెళ్ళబోతూ బనియను గుడ్డలో చుట్టిన బిస్కెట్ల డబ్బా ఒకటి ఇచ్చాడు. రాలిన ముక్కలు అందులో ఉన్నాయట. వాకిలి దాకా పోయి వెనక్కి వచ్చాడు. "ఇంగొక్క మాటమ్మా. ఓడలోళ్ళ గ్రూపులుంటాయంట గదా ఫోన్లో, దీని ఫొటో మాత్రం యాడా పెట్టొద్దండి."

అతను పోయాక గ్రేసీ ఫ్యాను ఆపి భూతద్దం కళ్ళకు తగిలించుకుంది.

కిందపడి తెగిన పోగుకు కొస పీచులేస్తుంది. వేలాడుతున్న తీగలు ఒక్కొక్కటే చూసింది. ఏ కొసా పీచులేయలేదు. అన్నీ నున్నగా, పదునైన బ్లేడు కోతలే. ఓడను వెనక్కి తిప్పింది. వెనక భాగంలో ఓడ పేరు ఉండాల్సిన చోట చిన్న అక్షరాల గుర్తులు ఎనిమిది, రంగు లేచిపోయిన చెక్క. ఎవరో గీకేశారు. జెండా కొయ్య ఉంది, జెండా లేదు.

చిన్నబ్బను లోపలికి పిలిచింది.

"ఇది దొంగసొత్తు" అంది.

"ఎట్ల చెప్తావే?"

"దొంగబండికి నంబరు గీకేస్తారే, అట్ల పేరు గీకినాడు. పడిందంటాడు, పడలేదు. ఫొటో పెట్టొద్దంటాడు. సొంతదారు చూస్తాడని భయం."

"దొంగిలించినోడు తెచ్చి బాగుచెయ్యమంటాడా?"

"అమ్మేదానికి. కమ్మీలు లేని ఓడను ఎవరు కొంటారు?"

చిన్నబ్బ ఓడ వైపు, ఆమె వైపు చూసి, "మనిషి నెమ్మదస్తుడిగా ఉన్నాడబ్బా" అన్నాడు. చిన్నబ్బకు మనుషులందరూ నెమ్మదస్తులుగానే కనిపిస్తారు. బస్సు నడిపినన్నాళ్ళూ టికెట్టు లేనివాళ్ళను కూడా పాపమనేవాడు.

ఆమె బిస్కెట్ల డబ్బా తెరిచింది. రాలిన ముక్కలు కుప్పగా ఉంటాయనుకుంది. కమ్మీలన్నీ పొడవుల వారీగా, తెల్లదారంతో కట్టలు కట్టి ఉన్నాయి. ఒక్కో కట్టకు చిన్న కాగితం చీటీ. పెన్సిలుతో వణికిన అక్షరాలు. "వెనక కుడి. వెనక ఎడమ. హెలికాప్టర్ దిగేచోటు." అడుగున, మడతపెట్టిన చిటికెనవేలి గోరంత జెండా. కమ్మీల కాళ్ళకు జిగురు పెళ్ళలు లేవు. ఏదో ద్రావకంతో నానబెట్టి, ఒక్క కాలూ వంగకుండా ఊడదీశారు.

దొంగ ఇంత శ్రద్ధగా ఊడదియ్యడు. ధర్మేంద్ర లావుపాటి వేళ్ళకు ఈ పని సాధ్యమూ కాదు. అంటే కట్టినవాడే విప్పాడు. కట్టినవాడు ఎందుకు విప్పుతాడు? తనంతట తనే విప్పాడా, కొడుకు కూర్చోబెట్టి విప్పించాడా? "ఉండాడు" అని ఎందుకు నసిగాడు?

ఫోన్ చేసింది. "మీ నాయనతో ఒక్క మాట మాట్లాడాలప్పా. కొయ్య మీద తీగలు ఎన్నో తెలియడంలేదు."

"ఆయనకు చెవులు సరిగా వినపడవమ్మా. మీకు తోచినట్టు కట్టేయండి" అన్నాడతను. వెనకనుంచి ఎవరో ముసలాయన స్పష్టంగా, "ఎవరబ్బా ఫోన్లో?" అని అడగడం ఆమెకు వినిపించింది. ఫోన్ కట్టయింది.

ఆ వారమంతా ఆమె ఓడను ముట్టుకోలేదు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని దాని ఎదురుగా కూర్చునేది. ఆసుపత్రిలో చివరి పదేళ్ళలో ఆమె చాలామంది ముసలివాళ్ళను చూసింది. పక్కన నిలబడిన కొడుకులు వాళ్ళ బదులు జవాబులు చెప్పడం, సంతకాలు పెట్టించడం చూసింది. ఆయనకు వినపడదమ్మా, ఆమెకు తెలియదమ్మా అనేవాళ్ళు. వినపడేది, తెలిసేది.

పెట్టె ప్లైవుడ్ మీద స్టెన్సిల్ అక్షరాలున్నాయి, పశువుల దాణా అంగడి పేరు. సోమవారం పొద్దున చిన్నబ్బను వెంటబెట్టుకుని చిత్తూరు మీదుగా పలమనేరు బస్సెక్కింది. ధర్మేంద్రకు చెప్పలేదు.

"వాళ్ళ ఇంటి సంగతి మనకెందుకే?" అని చిన్నబ్బ దారిలో మూడుసార్లు అడిగాడు. మొగిలి ఘాటు ఎక్కి చల్లగాలి తగిలాక అడగడం మానేసి, డ్రైవరు గేరు మార్చే తీరును తప్పుపట్టడం మొదలుపెట్టాడు.

దాణా అంగడి బస్టాండుకు దగ్గరే. గల్లాలో ఒకామె కూర్చుని ఉంది, ధర్మేంద్ర భార్య అమల. ధర్మేంద్ర పుంగనూరుకు లోడు కోసం పోయాడు.

"నేను తిరుపతి నుంచి. ఓడ నా దగ్గర ఉండాది" అంది గ్రేసీ.

అమల ముఖం పాలిపోయింది. "ఫోన్ చేసి రావల్సింది గదక్కా."

అంగడి వెనకనుంచి గొంతు వినిపించింది. "ఎవరమ్మా అమలా?"

"దాణాకొచ్చినోళ్ళు మామా!"

నా ముందరే అబద్ధం అనుకుంది గ్రేసీ. అమల లేచేలోపు అంగడి దాటి వెనక వసారాలోకి నడిచింది. చిన్నబ్బ మూటల మధ్య ఇబ్బందిగా నిలబడిపోయాడు.

వసారాలో ఖాళీ బల్ల ముందు డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి కూర్చుని ఉన్నాడు. శుభ్రంగా గడ్డం గీసుకున్నాడు, చొక్కా గుండీలన్నీ పెట్టుకున్నాడు. ఒంటిమీద దెబ్బలున్నాయేమో, మణికట్లు వాచాయేమో అని ఆమె కళ్ళు అలవాటుగా వెతికాయి. ఏమీ లేవు.

"అద్దాలపెట్టె చేసేది మీరేనా? బెంగళూరు నుంచి వచ్చినారా?" అన్నాడాయన.

అద్దాలపెట్టె చేయించడానికి ఓడను బెంగళూరు పంపామని ఆయనకు చెప్పారని గ్రేసీకి అర్థమైంది. వెనక అమల చేతులు జోడించి చెప్పొద్దని సైగ చేస్తోంది. గ్రేసీ కుర్చీ లాక్కుని కూర్చుంది.

"కాదు సార్. తిరుపతి. నా పేరు గ్రేసీ. నేను ఓడలకు కమ్మీలు బిగిస్తాను."

ధర్మేంద్ర తండ్రి కృష్ణమూర్తి ఆమె చేతుల వైపు చూశాడు. "బిగిస్తావా? నేను విప్పినాను గదమ్మా."

"ఎవరన్నా విప్పమన్నారా?"

"నన్నెవరు విప్పమంటారు?" ఆయనకు కోపమొచ్చింది. "ఇరవై నాలుగేండ్లు నేవీలో షిప్‌రైటుగా, ఓడల మరమ్మతు పని చేసినా. అందులో తొమ్మిదేండ్లు ఆ ఓడ మీదే. రిటైరై వచ్చినాక ఆరేండ్లు ఇదే బల్ల మీద దాన్ని కట్టినా. ఓడ సర్వీసులోంచి దిగిపోయిందని తెలిసిన పొద్దు ధర్మేంద్రను అడిగినా, ఏం చేసినారురా దాన్ని అని. సముద్రం ఒడ్డున మ్యూజియం చేసి పెట్టినారు నాయనా, నిన్ను తీసకపోయి సూపిస్తా అన్నాడు. ఏడేండ్లు ఆ మాటే చెప్పినాడు. మొన్న సంక్రాంతి ముందు నాతో పనిచేసినాయన ఒకడు ఫోన్ చేసి, మూర్తీ, మన ఓడను ముక్కలు చేసి ఇనుముకింద అమ్మేసి ఏడేండ్లాయె గదా అన్నాడు. ఊరందరికీ తెలుసు, నాకు తప్ప."

ఆయన ఖాళీ బల్ల మీద అరచెయ్యి ఆనించాడు.

"ఓడను సర్వీసులోంచి దించేదానికి ఒక వరస ఉండాదమ్మా. పొద్దుగూకే వేళకు జెండా దించుతారు. పేరు తీసేస్తారు. ఆ వెనక తీగలు, కమ్మీలు. అప్పుడు మనమంతా వరసగా నిలబడి ఉండాల. నేను లేను. అందుకని ఈడ చేసినా. మూడు దినాలు చేసినా. సగానికి రాంగానే వీడు చూసి, నాయనకు మతి పోయిందని ఓడను ఎత్తకపోయినాడు."

బయట మినీలారీ ఆగిన చప్పుడైంది. ధర్మేంద్ర తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ వసారాలోకి వచ్చి, గ్రేసీని చూసి నిలబడిపోయాడు.

"అంతా చెప్పేసినారా?"

"మీ నాయనే చెప్పినారు. పడిందని నువ్వు చెప్పింది అబద్ధం. వినపడదని చెప్పింది అబద్ధం. అద్దాలపెట్టె అబద్ధం. మ్యూజియం అబద్ధం" అని గ్రేసీ వేళ్ళు మడిచింది. "నేను నిన్ను దొంగనుకున్నాను. తర్వాత ఇంకా చెడ్డగా అనుకున్నాను."

ధర్మేంద్ర గోడకు ఆనుకున్నాడు. కోప్పడతాడనుకుంది. కోప్పడలేదు.

"మీకెట్ల చెప్పేదమ్మా. నా చిన్నప్పుడు నాయన ఏడాదికి ఒక తూరి సెలవకొచ్చి పొయ్యేటోడు. వచ్చినాడనుకునే లోపల పెట్టె సర్దుకునేటోడు. ఆయన నాకు తెలిసింది ఈ బల్ల కాడ కూర్చున్న ఆరేండ్లే. అంగడి మూసి వచ్చి ఈ ఎదురుగా కూసునేటోణ్ణి. ఓడ ముచ్చట్లు అప్పుడే చెప్పినాడు. మా అమ్మను పెండ్లి చూపుల్లో చూసింది కూడా అప్పుడే చెప్పినాడు." తువ్వాలు భుజమ్మీద వేసుకున్నాడు. "దాన్ని బ్లేడుతో కోస్తా ఉంటే ఎట్ల చూస్తా ఉండేది? నాయన సావాసగాళ్ళు ఆ గ్రూపుల్లో ఉంటారు. ఫొటో చూస్తే, మూర్తికి మతి చెడిందంటారని భయపడినా."

"నాకు మతి చెడలేదురా" అన్నాడు కృష్ణమూర్తి.

"మరి నన్నెందుకు పిలవలే, కోసేటప్పుడు?"

ముసలాయన బల్ల వైపు తిరిగాడు. అమల నలుగురికీ కాఫీ తెచ్చి పెట్టి, ఎవరి ముఖమూ చూడకుండా పోయింది.

గ్రేసీ కాఫీ తాగి లేచింది. "ఓడ నా దగ్గర భద్రంగా ఉంటుంది. విప్పాలో కట్టాలో మీ ఇద్దరూ తేల్చుకోండి. అందాకా నేను చెయ్యి పెట్టను."

తిరుగు బస్సులో చిన్నబ్బ, "చూసినావా, నెమ్మదస్తుడే" అన్నాడు. ఆమె కిటికీలోంచి మామిడితోటల వైపు చూస్తూ కూర్చుంది. తాను వెతికిన తప్పేదీ అక్కడ దొరకనందుకు సంతోషించాలని ఆమెకు తెలుసు. అయినా మనసులో ఏదో ఒరుసుకుంటూనే ఉంది. చేతులు జోడించిన అమల, గోడకానుకున్న ధర్మేంద్ర గుర్తొచ్చి సిగ్గేసింది. పిలవని ఇంట్లోకి నడిచిపోయి ముసలాయన మణికట్లు వెతికిన మనిషి తను.

పన్నెండు రోజులకు తండ్రీకొడుకులిద్దరూ కొర్లగుంట వచ్చారు. కృష్ణమూర్తి తన భూతద్దం తనే తెచ్చుకున్నాడు. ఓడ ముందు కూర్చుని, మిగిలిన తీగల్లో వెనక కొయ్యవి నాలుగు, కొడుకును పక్కన నిలబెట్టుకుని బ్లేడుతో కోశాడు. ధర్మేంద్ర పళ్ళు బిగబట్టాడు గానీ కదల్లేదు. నాలుగో తీగ తెగాక ఇద్దరూ కాసేపు నిటారుగా నిలబడ్డారు. వాకిట్లో ఉన్న చిన్నబ్బ ఎందుకో తెలియకుండానే తనూ లేచి నిలబడ్డాడు.

"చాల్లేమ్మా. దానికి చెయ్యాల్సింది చేసినా. ఇంక ఇది వీడిది. కట్టు" అన్నాడు కృష్ణమూర్తి.

"పేరు?" అంది గ్రేసీ.

"పేరొద్దు. పేరు ఆ ఓడది. జెండా గూడా వద్దు."

"పేరు లేకుంటే ఎట్ల నాయనా?" అన్నాడు ధర్మేంద్ర.

ఆ మాట మీద ఇద్దరూ చాలాసేపు గొడవపడ్డారు. గ్రేసీ మధ్యలోకి పోలేదు. చివరికి కొడుకే తగ్గాడు.

పని అయిదు వారాలు పట్టింది. గురువారం గురువారం ఇద్దరూ వచ్చేవారు. ఫ్యాను ఆపిన గదిలో చెమటలు కక్కుతూ కూర్చునేవారు. కృష్ణమూర్తి చీటీలున్న కట్టలు ఒక్కొక్కటి విప్పి ఇచ్చేవాడు, గ్రేసీ నిలబెట్టేది. ఇత్తడిని మంటకు చూపించే పని ధర్మేంద్ర తీసుకున్నాడు. మొదటి రోజే ఒక ముక్కను నల్లగా మాడ్చి ముడుచుకుపోయేట్టు చేశాడు. "ఎనుముకు దాణా పెట్టినట్టు కాదురా ఇది" అని తండ్రి అరిస్తే, ధర్మేంద్ర పకపకా నవ్వాడు. గ్రేసీ తన దగ్గర మిగిలి ఉన్న రేకులోంచి వేరే ముక్క కోసి పెట్టింది.

తీగల దగ్గర మాత్రం ముసలాయనతో ఆమెకు పడలేదు. ఆమె ముడి బిగువుగా వేసేది. "ఇంత బిగువుండదమ్మా. ఓడ ఊగతా ఉంటాది, తీగ రవంత సోలుగా ఉండాల. లేకుంటే తెగతాది" అనేవాడు. ముప్పై ఒక్క ఏళ్ళు ముడి సడలకుండా వెయ్యడమే నేర్చిన చేతికి అలా వదులుగా వెయ్యడం రాలేదు. మూడు గురువారాలు విప్పి కట్టింది. నాలుగోదానికి ఆయన భూతద్దంలోంచి చూసి ఏమీ అనలేదు. అదే మెచ్చుకోలు.

చివరి రోజు ధర్మేంద్ర ఆటో పిలవడానికి పోయినప్పుడు గ్రేసీ అడిగేసింది.

"ఇంటికి పోయినాక మళ్ళీ కోస్తారా సార్?"

"నీకు ఎవరిమీదా నమ్మకం లేదామ్మా?"

"లేదు సార్."

ఆయనకు ఆ జవాబు నచ్చినట్టుంది. "కొయ్యను. కొయ్యాలనిపిస్తే వాణ్ణి పిలిచి కోస్తా."

ఆమె అది నమ్మిందో లేదో ఆమెకే తెలియదు. వాళ్ళతోపాటు బస్టాండుకు పోయింది. పెట్టెను డిక్కీలో వెయ్యమన్నాడు కండక్టరు. కుదరదన్నారు తండ్రీకొడుకులు. "అంత విలువైందా? ఏముంది అందులో?" అన్నాడతను. "ఓడ" అన్నాడు ధర్మేంద్ర. "బొమ్మలేప్పా" అన్నాడు కృష్ణమూర్తి. కండక్టరు ఇద్దరినీ మార్చి మార్చి చూసి, పెట్టె అడ్డం రాకుండా పెట్టుకోమన్నాడు. చిన్నబ్బ పాత పరిచయం కొద్దీ డ్రైవరుకు ఘాటులో నిదానంగా పొమ్మని చెప్పి వచ్చాడు.

ఇప్పటికి ఏడాది కావస్తోంది. ఓడ పలమనేరులో అదే బల్ల పక్కన గోడ అల్మరాలో ఉంది. ఒక్క తీగ కూడా తెగలేదని అమల చెబుతోంది. బల్ల మాత్రం మళ్ళీ చెక్కపొట్టుతో నిండిందట. మార్కెట్టుకు టమాటాలు తోలే లారీ ఒకటి, గంపలతో సహా, కృష్ణమూర్తి చెక్కుతున్నాడు. అది కావాలని అడిగింది ధర్మేంద్రేనట.